జీనోమ్‌లో పదకొండు క్లస్టర్లు, ప్లేటు మీద సున్నా. ఈ పాచిని వదిలేయాలా?

కావలి కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ చివరి ఏడాది. జువ్వలదిన్నె దగ్గర మా నాయన వెనామీ రొయ్యల గుంటలో అడుగు నుంచి అట్టలుగా లేచి గాలి తోసిన మూలకు చేరే నల్లపాచి ఉంటుంది కదా, దాంట్లోంచి పోగులాంటి సయనోబ్యాక్టీరియాను వేరుచేసి ఉప్పు కలిపిన బీజీ-11లో (సయనోలను పెంచే పోషక ద్రావణం) నాలుగు నెలలుగా పెంచుతున్నా. చూపుకు ఆసిలటోరియా అనే సయనోలా ఉంది. మిథనాల్ సారం తీసి, ఆరబెట్టి, స్టాఫిలోకాకస్, ఈ. కోలి బ్యాక్టీరియా పెంచిన ప్లేట్ల మీద ఆ సారం పట్టించిన కాగితపు డిస్కులు పెడితే, వాటిని చంపిన గుర్తేమీ రాలేదు. జీనోమ్‌ను యాంటీస్మాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మాత్రం పదకొండు క్లస్టర్లు (ఒక్కో పదార్థాన్ని తయారుచేసే జన్యువుల గుంపులు) చూపించింది. మూడు ఎన్‌ఆర్‌పీఎస్ (అమైనో ఆమ్లాలను కలిపే ఎంజైములు), పీకేఎస్ (కార్బన్ గొలుసులు కట్టే ఎంజైములు) కలిసినవి, ఒకటి టెర్పీన్ అనే రకం అణువులు చేసేది. గైడ్ సారు "వదిలెయ్, స్పిరులినా మీద చేసుకో" అంటున్నారు. ఒకటే టెన్షన్.

ల్యాబ్ పక్షి:
వదలొద్దు తమ్ముడూ, పదకొండు అని మురిసిపోవద్దు కూడా. అవన్నీ నీ పోగువేనా? పోగు చుట్టూ ఉండే జిగురు తొడుగులో వేరే బ్యాక్టీరియా కాపురం చేస్తుంటాయి, అగార్ మీద ఎన్నిసార్లు గీసినా ఓ పట్టాన వదలవు. క్లస్టర్ ఉన్న డీఎన్ఏ ముక్కలో అటూ ఇటూ ఏ జన్యువులున్నాయో ముందు చూడు.

తర్వాత, దొరకలేదంటే రెండు సంగతులు. అది అసలు తయారు కావడం లేదు, లేదంటే తయారవుతున్నా నీ పద్ధతికి కనబడటం లేదు. చాలామంది ఈ రెండూ కలిపేసి ఏడాది పోగొట్టుకుంటారు (నేనూ ఆ బాపతే). స్టాఫ్‌ను చంపలేదంటే పదార్థమే లేదని కాదు, అది ఇనుమును పట్టుకోవడానికో, పాచిని మేసే పురుగుల్ని ఆపడానికో ఉండొచ్చు. సారాన్ని ఎల్‌సీ-ఎంఎస్‌లో (అణువులను విడదీసి ద్రవ్యరాశి కొలిచే యంత్రం) పెట్టి ఆ డేటాను జీఎన్‌పీఎస్‌లో (తెలిసిన అణువులతో పోల్చే ఆన్‌లైన్ వేదిక) వెయ్యి, తెలిసినవి పక్కకు పోతాయి. ఇంకో సీసాలో మామూలు నైట్రేట్ బదులు నైట్రోజన్-15 (ఒక యూనిట్ బరువెక్కువ నైట్రోజన్) ఉన్న నైట్రేట్ పోసి పెంచు. అణువులో ఎన్ని నైట్రోజన్లుంటే ద్రవ్యరాశి అన్ని యూనిట్లు పెరుగుతుంది. ఎన్‌ఆర్‌పీఎస్ ఏ అమైనో ఆమ్లాలు కలుపుతుందో జన్యువుల నుంచి కొంతవరకు అంచనా కట్టొచ్చు కాబట్టి జత చూసుకోవచ్చు. అప్పుడూ ఏమీ లేకపోతే ఫాస్ఫేట్ తగ్గించు, ఉప్పు మార్చు, వెలుతురు మార్చు. గుంటలో అది పడే బాధలేవీ నీ సీసాలో లేవు కదా. క్లస్టర్‌ను ఇంకో జీవిలోకి ఎక్కించడమూ ఉంది, లింగ్బయాటాక్సిన్ అనే సయనో విషాన్ని అలా ఈ. కోలిలోనూ అనబీనా అనే ఇంకో సయనోలోనూ చేయించారు, కానీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో దాని జోలికి పోకు.

గుంటకాడ మనిషి:
ఈ క్లస్టర్లూ అవీ నాకు తెలవవు అబ్బయా. ఇందుకూరుపేటలో పద్నాలుగేళ్ళుగా గుంటలు చేస్తున్నా. ఆ నల్లపాచి ఎక్కువైన పంటకు రొయ్య మట్టి వాసన కొడుతుందని కొనేవాడు రేటు కోసేస్తాడు. ఏమీ తయారు కాకపోతే ఆ వాసన యాడిది?

ల్యాబ్ పక్షి:
అన్నా, దండం. అది జియోస్మిన్. నీళ్ళలో లీటరుకు పది నానోగ్రాములున్నా మన ముక్కు పట్టేస్తుంది. తమ్ముడూ, జియోస్మిన్ టెర్పీనే, నీ జాబితాలో ఉన్న టెర్పీన్ క్లస్టర్ అదేనేమో చూసుకో. సారం ఆరబెట్టావు చూడు, అక్కడే ఎగిరిపోయి ఉంటుంది. తయారై కూడా కనబడకపోవడమంటే ఇదే.

ఒంగోలు అక్క:
రెండు మాటలు. ఆసిలటోరియా జాతుల్లో అనాటాక్సిన్ అనే నరాల విషం చేసేవి ఉన్నాయి, గ్లౌజులు లేకుండా సారం ముట్టుకోకు, ఆ నీళ్ళు గేదెలు తాగే చోట పారబోయకు. ఇక గైడ్ సారుకు డోలాస్టాటిన్ 10 అనే అణువు సంగతి చెప్పు. మొదట డోలబెల్లా అనే సముద్రపు కుందేలులో దొరికింది, అది నిజానికి నత్తల చుట్టం. 2001లో సయనోబ్యాక్టీరియాలోనే నేరుగా దొరికింది, అంటే ఆ కుందేలు మేసిన పాచిదే ఆ సరుకు. దాని పోలికతో చేసిన అణువును యాంటీబాడీకి తగిలించిన బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడతారు. స్పిరులినా ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేసుకోవచ్చు.

కావలి కుర్రోడు:
అందరికీ థాంక్స్. టెర్పీన్ క్లస్టర్ తెరిచి చూశా, జియోస్మిన్ సింథేజ్‌తో (జియోస్మిన్ చేసే ఎంజైము) బాగా కలుస్తోంది, పక్క జన్యువులు కూడా సయనోవే. పొద్దున ఫ్లాస్కు దూది తీశా, మొదటి వాన పడ్డ మట్టి వాసన! నాలుగు నెలలుగా ఆ గదిలోనే ఉన్నా, వాసన ఏసీదనుకున్నా. మిగతా పదింటికి ఎల్‌సీ-ఎంఎస్ కావాలి, మా కాలేజీలో లేదు. నెల్లూరు, తిరుపతి వైపు బయటి విద్యార్థుల శాంపిళ్ళు తీసుకునే చోటు ఎవరికైనా తెలుసా?