శాంతి స్వరూప్ గారి గురించి మీకు గుర్తున్నవి రాయండి

పాతటీవీ
2024 ఏప్రిల్ 5న శాంతి స్వరూప్ గారు కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళులన్నీ ఒకే అచ్చు. 1978లో దూరదర్శన్‌లో చేరారు, 1983 నవంబర్ 14న తొలి తెలుగు వార్తలు చదివారు, 2011లో పదవీ విరమణ చేశారు. మనిషి ఎలా ఉండేవారో ఎవరూ రాయలేదు. హైదరాబాద్ రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రంలో ఆయనతో పనిచేసినవాళ్లు గానీ, ఆయన నవలలు చదివినవాళ్లు గానీ ఉంటే చెప్పండి. నవలల గురించి తప్పకుండా రాయండి.

గోదావరిగట్టు
అందరూ 1983 నుంచే ఆయన్ని చూశామంటారు, ఎలా చూశారో! మా ఊళ్లో టీవీ ఉన్నా చాలాకాలం ఢిల్లీ కార్యక్రమాలే వచ్చేవి. హైదరాబాద్ వార్తలు అందే రోజు కోసం ఎదురుచూసిన జిల్లాలు బోలెడు. మాకు ఆయన ముఖం కంటే ముందు పేరు తెలిసింది. హైదరాబాద్ వెళ్లొచ్చిన చుట్టాలు గొప్పగా చెప్పేవారు.

రెండోవిడత
టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో బులెటిన్ మొత్తం కంఠతా పట్టి చెప్పేవారట. ఇప్పటివాళ్లకు అక్షరాలు ఎదురుగా కదులుతున్నా నోరు తిరగదు.

డెస్కుమనిషి
కంఠతా పట్టడమేమిటండీ? ఉద్యోగ జీవితమంతా న్యూస్ డెస్కులో గడిపినవాడిని, చెబుతాను వినండి. స్టూడియోలో కూర్చున్నాక కూడా కొత్త కాగితం చేతికొస్తుంది. దాన్ని ఎప్పుడు బట్టీ పడతారు? వాక్యం మొదలు కాగితం మీద చూసి అందుకోవాలి, క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి కెమెరాకు అప్పగించాలి. ఎడమచేతి బొటనవేలు వరుస వెంట జరుగుతూ ఉంటుంది. తల దించినప్పుడు కన్ను ఆ వేలి దగ్గరే వాలుతుంది. అది జ్ఞాపకశక్తి కాదు, సాధన. టెలిప్రాంప్టర్ వచ్చాక ఆ విద్య పోయింది. లెన్సు ముందు ఏటవాలు గాజు, దాని మీద అక్షరాలు, ఇక చూపు కదలనక్కరలేదు.

రెండోవిడత
మీరు రామంతాపూర్‌లో పనిచేశారా? లేదు కదా. మరి ఆయన కంఠతా పట్టలేదని మీకెలా తెలుసు? నివాళుల్లో అందరూ అదే రాశారు.

డెస్కుమనిషి
ఒకరిని చూసి ఒకరు రాశారు. పదేళ్లపాటు స్క్రిప్టు కాగితాలు చూసి చదివారని రాసినవాళ్లూ ఉన్నారు, వెతకండి. కాగితం చూసి అలా చదవడం బట్టీ పట్టి చెప్పడం కంటే కష్టం. ఆయన్ని తక్కువ చేస్తున్నది మీరే.

రెండోవిడత
నేనా తక్కువ చేస్తున్నది! నమస్కారం.

జిల్లాగొంతు
కాగితమో కంఠతానో మీరే తేల్చుకోండి. ఆ కాగితం మీదికి వార్త ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కరైనా అడిగారా? నేను జీతం లేకుండా వార్తకింత అని పనిచేసే జిల్లా స్ట్రింగర్‌ని. తుఫాను రోజుల్లో మోకాలి లోతు నీళ్లలో తీసిన క్యాసెట్టును పాలిథీన్ సంచిలో చుట్టి, రాత్రి బస్సు డ్రైవర్‌ని బతిమాలి హైదరాబాద్ పంపేవాళ్లం. వేస్తే ఐటెంకు ఇంత అని చేతిలో పెట్టేవారు, వేయకపోతే బస్సు ఖర్చు కూడా మాదే. చదివినవారు ఇంటింటి మనిషి అయ్యారు. తీసినవాడి పేరు వాడి వీధిలోనే తెలియదు. శాంతి స్వరూప్ గారి మీద కోపం లేదు. కానీ రిపోర్టర్లకు ఇలాంటి చర్చ ఎవరూ పెట్టరు.

పాతటీవీ
మీరే పెట్టండి, అందరం రాస్తాం. ఇక్కడ నవలల గురించి అడిగాను.

కృష్ణవేణి
పొగడ్తలు సరే. అప్పటి దూరదర్శన్ ఎవరి గొంతు? 1984 ఆగస్టు 16న ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారిని దించేశారు. తిరిగి సెప్టెంబర్ 16న ప్రమాణం చేసేదాకా రాష్ట్రం అట్టుడికింది. మా ఇంట్లో అసలు సంగతి కోసం పొద్దున్నే పత్రిక తెరిచేవారు, రాత్రి టీవీని నమ్మేవారు కాదు. దూరదర్శన్‌ను నేరుగా ప్రభుత్వం చేతుల్లోంచి తప్పించే ప్రసార భారతి చట్టం వచ్చిందే 1990లో, అమలైంది 1997లో.

గోదావరిగట్టు
వార్త రాసేది వేరొకరు, ఏది వేయాలో చెప్పేది ఇంకొకరు. చదివినవారిని నిలదీస్తే ఎలాగమ్మా?

కృష్ణవేణి
నిలదీయలేదు. దేవుణ్ని చేయకండి అన్నాను.

డెస్కుమనిషి
ఆమె చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ ఒకటి గమనించండి. ఏ వార్తకూ ఆయన ముఖంలో తీర్పు కనిపించేది కాదు. వార్త నచ్చని ఇంట్లో కూడా మనిషిని తిట్టుకోలేదు. ఇప్పుడు హెడ్‌లైన్ చదవకముందే యాంకర్ కనుబొమలు ఎవరిది తప్పో చెప్పేస్తున్నాయి.

రెండోవిడత
కనుబొమలా! అరుపులు వదిలేశారేం? నలుగురు నాలుగు డబ్బాల్లోంచి ఒకేసారి అరుస్తుంటే మా అమ్మగారు శబ్దం తీసేసి కింద పరుగెత్తే అక్షరాలు చదువుకుంటారు. ఆమెకు తెలుగు వార్తలంటే శాంతి స్వరూప్, రోజారాణి, అంతే. వాళ్లిద్దరూ భార్యాభర్తలని చాలాకాలం తెలియదట, తెలిశాక ఇంటిల్లిపాదికీ చెప్పారు.

జిల్లాగొంతు
శబ్దం తీసేస్తే మిగిలేది మా బొమ్మే. దానికీ ఇప్పుడు ఫోనులో తీసి పంపమంటున్నారు.

పుస్తకాలఅటక
పాతటీవీ గారూ, ఇంతమందిలో మీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద 'రాతిమేఘం' రాశారు, క్రికెట్ మీద 'క్రేజ్', సతీసహగమనానికి వ్యతిరేకంగా 'అర్ధాగ్ని'. కొత్త ముద్రణలు నా కంట పడలేదు. పాత పుస్తకాల దుకాణాల్లో, గ్రంథాలయాల్లో వెతకాలి.

డెస్కుమనిషి
క్రికెట్ నవల సంగతి వచ్చింది గనుక చెబుతున్నాను, తెలుగులో క్రికెట్ వ్యాఖ్యానం గురించి కూడా...

పాతటీవీ
దానికి వేరే చర్చ తెరవండి, డెస్కుమనిషి గారూ. పుస్తకాలఅటక గారూ, 'రాతిమేఘం' ప్రతి ఎక్కడ కనబడినా ఇక్కడ ఒక మాట రాయండి, జిరాక్సు ఖర్చు నేను పెట్టుకుంటాను.