హెడ్‌ఫోన్లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది

కథలపెట్టె:
అందరికీ నమస్కారం. ఇంట్లో కథలు చదివి రికార్డు చేస్తుంటాను. యూఎస్‌బీ మైకు, విండోస్ ల్యాప్‌టాప్, రికార్డు చెయ్యడానికి ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. మొన్నటిదాకా చెవిలో ఏమీ పెట్టుకోకుండా చదివేదాన్ని. హెడ్‌ఫోన్లో నా గొంతు వింటూ చదవాలని ఈమధ్య బుద్ధి పుట్టింది, అప్పట్నుంచీ తిప్పలే. నేను "అనగనగా" అని సగం అనేసరికి చెవిలో మొదటి "అ" మొదలవుతోంది. రెండు వాక్యాలకే నత్తి వచ్చినట్టు నాలుక మడతపడుతోంది. మైకు మీదున్న చిన్న చక్రం తిప్పితే ఆలస్యం లేని గొంతు కూడా వస్తోంది గానీ, అప్పుడు ఇద్దరు నేనులు చదువుతున్నట్టుంది. ఇంకొకటి, సంగీతం ట్రాక్ మీద చదివితే తర్వాత విన్నప్పుడు నా గొంతు వెనకబడుతోంది. చివరగా, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ మంచిదా, గాలి ఆడేదా?

వైర్లబుట్ట:
ముందు ఒక్కటి చెప్పండి, బ్లూటూతా? నేను నాలుగు వారాలు కొట్టుకున్నాను. డ్రైవర్లు పీకేశాను, మళ్లీ పెట్టాను, విండోస్ రెండుసార్లు ఎక్కించాను. చివరికి దొంగ నా నెత్తి మీదే ఉన్నాడు. బ్లూటూత్‌లో ఎస్‌బీసీ కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) అయితే మామూలుగానే 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం. పైగా దాని మైకు ఆన్ అయిందంటే హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి దూకి గొంతును టెలిఫోన్ చేసేస్తుంది. సొరుగులో పడున్న పాత తీగ ఇయర్‌ఫోన్ తగిలించాను, అయిపోయింది. విండోస్ ఎక్కించినప్పుడు పోయిన ఫైళ్లు మాత్రం తిరిగి రాలేదు.

కథలపెట్టె:
బ్లూటూత్ కాదండీ. తీగదే, మైకు అడుగునున్న సాకెట్‌లోనే పెట్టాను.

చీకటిగది:
ఆడాసిటీలో సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ టిక్ తీసేయండి, రికార్డవుతున్న గొంతును తిరిగి మీ చెవికి పంపేది అదే. వెర్షన్ని బట్టి చోటు మారుతుంది, వెతకండి.

పాతమిక్సర్:
ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, కాస్త ఓపిగ్గా వినండి. ఆలస్యం మైకులో ఉండదు, బఫర్‌లో ఉంటుంది. కంప్యూటర్ గొంతును చుక్కచుక్కగా మొయ్యదు, బిందె నిండాకే ఎత్తుతుంది. ఆ బిందే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్లు (గొంతు కొలతలు) తీసుకుంటుంటే, 256 శాంపిళ్ల బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21.3. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె. ఆపైన గొంతును అంకెలుగా మార్చే కన్వర్టర్ వాటా, యూఎస్‌బీ వాటా. విండోస్ మామూలు దారిలో వెళ్తే బిందెలు కాదు, గంగాళాలే. ఆ దారిని తప్పించే ఏసియో డ్రైవర్ వేసుకుని బఫర్ని 128కి దించండి, చిటపటలొస్తే 256కి రండి. మొత్తం కలిపి 10 మిల్లీసెకన్ల లోపుంటే ఇక ఎవరికీ తెలియదు. 10 మిల్లీసెకన్లలో శబ్దం గాలిలో 3.4 మీటర్లు పోతుంది. గదిలో ఆ మూలనున్న స్పీకర్ ఆలస్యంగా పలుకుతోందని ఎవరన్నా ఫిర్యాదు చేశారా?

రాగమాలిక:
స్పీకర్ సంగతి వేరు, సొంత గొంతు సంగతి వేరు మాస్టారూ. నా గొంతు పుర్రె ఎముకల్లోంచి ముందే నా చెవికి చేరిపోయి ఉంటుంది. దాని మీద హెడ్‌ఫోన్ గొంతు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చి పడితే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. అది ఆలస్యంలా వినబడదు, డబ్బాలో తలపెట్టి పాడినట్టు వినబడుతుంది. ఏ స్వరం ఎంత గట్టిగా పలికిందో తెలియక శ్రుతి జారుతుంది. మీరు పాడరు కాబట్టి "ఎవరికీ తెలియదు" అనేశారు.

పాతమిక్సర్:
నేను పాడకపోవచ్చు, పాడేవాళ్లను వందలమందిని రికార్డు చేశాను. 10 దగ్గర ఒక్కరూ నోరెత్తలేదు. ఆ సంఖ్య చూపించాకే చాలామందికి ఇబ్బంది మొదలవుతుంది.

రాగమాలిక:
నోరెత్తలేదా, మీ ముందు ఎత్తలేకపోయారా?

వైర్లబుట్ట:
😂😂

తాళంతప్పింది:
ఇదంతా సరే, నేను ఫోన్లో పాడతాను. నాకు బఫర్ సెట్టింగే లేదు. ఏం చెయ్యాలి?

పాతమిక్సర్:
@రాగమాలిక, మీరు చెప్పిన మింగుడు నిజమే, కాదనను. కానీ దానికి మందు ఆలస్యం తగ్గించడం ఒక్కటే కాదు. మిక్సర్ ఛానెల్ మీదున్న ఫేజ్ బటన్ నొక్కండి, గొంతు తరంగం తలకిందులవుతుంది. గుంటలు 100, 300 నుంచి జరిగి 200, 400 దగ్గరికి పోతాయి. కొన్ని గొంతులకు అదే హాయిగా ఉంటుంది. ఇది నేను గాయకులకు చెప్పకుండానే నొక్కేవాణ్ణి.

రాగమాలిక:
చెప్పకుండా నొక్కి, "ఒక్కరూ నోరెత్తలేదు" అంటున్నారన్నమాట. బాగుంది.

పాతమిక్సర్:
మాటలు మెలిపెట్టడం మానండి. దమ్ముంటే కళ్లు మూసుకుని పరీక్ష పెట్టుకోండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి, 6 మిల్లీసెకన్ల ఆలస్యంతో ఒకసారి, డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్లోకి పోకుండా నేరుగా వచ్చే గొంతు) ఒకసారి, పదిసార్లు మార్చి వినిపించమనండి. ఎన్ని సరిగా చెప్తారో చూద్దాం.

రాగమాలిక:
ఆదివారం పెట్టుకుంటాను. ఫలితం ఇక్కడే రాస్తాను, పారిపోకండి.

కథలపెట్టె:
అయ్యా, అమ్మా, నాది 6 కాదు, 10 కాదు. సగం మాటంత ఆలస్యం. నేను పాడను కూడా.

గడియారంముల్లు:
కథలపెట్టె గారూ, నత్తి మీ తప్పు కాదు. సొంత మాట ఒక 200 మిల్లీసెకన్ల ఆలస్యంతో చెవిలో పడితే ఎంత చక్కగా మాట్లాడేవాళ్లైనా తడబడతారు. బెర్నార్డ్ లీ అనే ఆయన 1950లోనే దీని మీద రాశారు.

నా గోల ఇంకోటి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ, రెండు యూఎస్‌బీ మైకులు రెండు ల్యాప్‌టాప్‌లకు పెట్టి రికార్డు చేశాం. మొదట్లో రెండు ట్రాకులూ అతికినట్టున్నాయి. గంట తర్వాత నేను నవ్విన తర్వాత ఆయన జోకు వేస్తున్నాడు.

వైర్లబుట్ట:
అది లేటెన్సీయే (ఈ ఆలస్యమే) కదా, బఫర్ తగ్గించండి.

గడియారంముల్లు:
బఫర్ ఆలస్యం మొదట ఎంతో చివరా అంతే ఉంటుంది. పెరుగుతూ పోతే అది గడియారాల తేడా. రెండు మైకుల్లో రెండు క్రిస్టళ్లు, వాటి లోపలి గడియారాలు అవే. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు పక్కకు పోతుంది. నేను నాలుగైదు చోట్ల కోసి జరుపుకున్నాను. ఇప్పుడు యూఎస్‌బీ కాని మైకులు రెండు, ఒకే ఇంటర్‌ఫేస్‌లో (మైకులను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెడుతున్నాం.

వైర్లబుట్ట:
సరే ఒప్పుకున్నా. రోజుకొకటి నేర్చుకుంటున్నా ఇక్కడ.

తాళంతప్పింది:
ఫోన్??

చీకటిగది:
ఫోన్లో యాప్‌ని బట్టి ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఏఆడియో అనే దగ్గరి దారి ఉంది, యాప్ దాన్ని వాడితేనే లాభం. లేకపోతే ఫోన్లో మానిటరింగ్ ఆపేసి, ట్రాక్ ఒక చెవిలో మాత్రమే పెట్టుకుని, రెండో చెవి తెరిచి పాడండి. మీ గొంతు గాలిలో మీకు ఉచితంగానే వస్తుంది.

కథలపెట్టె గారూ, ప్లేత్రూ టిక్ గురించి నేను పైన రాసింది చూశారా? మీ చక్రం డైరెక్ట్ మానిటరింగ్‌ది. ఆ గొంతు కంప్యూటర్ గుమ్మం తొక్కకుండా మైకులోంచే నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. రెండో మనిషి కంప్యూటర్లోంచి తిరిగొస్తున్న గొంతు. ఆవిణ్ణి ఆపాలి. ఏసియో గీసియో ఏమీ అక్కర్లేదు.

పాతమిక్సర్:
గీసియో అంటే?

చీకటిగది:
మీకు కాదండీ.

కథలపెట్టె:
చూశాను, తీశాను. మొదట మారలేదు! ఆడాసిటీ మూసేసినా వెనక నుంచి ఆవిడ చదువుతూనే ఉంది, ఒళ్లు జలదరించింది. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైకు పేరు మీద నొక్కితే "లిజన్ టు దిస్ డివైస్" అని ఒక ట్యాబ్‌లో టిక్ పెట్టి ఉంది. ఎప్పుడో నేనే పెట్టి మరిచిపోయానట్టుంది. తీశాను. ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను. నిన్న రాత్రి 14 పేజీలు ఆగకుండా చదివాను.

సంగీతం మీద చదివితే వెనకబడటం మాత్రం అలాగే ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

చీకటిగది:
అది వినికిడి ఆలస్యం కాదు, రాతలో ఆలస్యం. కొలిచి సరిచెయ్యాలి. ఆడాసిటీ ప్రిఫరెన్సెస్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ అని ఉంటుంది, మొదట దాన్ని సున్నా చెయ్యండి. జనరేట్ మెనూలోంచి రిథమ్ ట్రాక్ ఒకటి వేసుకోండి, టిక్ టిక్ మంటుంది. డైరెక్ట్ చక్రం పూర్తిగా కంప్యూటర్ వైపు తిప్పి, హెడ్‌ఫోన్ ఒక చెవి దొప్పను మైకుకు ఆనించి కొత్త ట్రాక్‌లో రికార్డు చెయ్యండి. ఆపాక బాగా జూమ్ చేస్తే పై ట్రాక్ టిక్‌కీ కింది ట్రాక్ టిక్‌కీ మధ్య ఖాళీ కనబడుతుంది. ఆ రెండు టిక్‌లు ముళ్లలా కనబడతాయి, వాటి మొదళ్ల మధ్య లాగి సెలెక్ట్ చేస్తే అడుగున పొడవు చూపిస్తుంది. నాకు 168 మిల్లీసెకన్లు వచ్చింది, −168 అని పెట్టాను. మైనస్ గుర్తు మరవకండి, మరిస్తే తప్పు రెట్టింపవుతుంది. పెట్టాక మళ్లీ ఒకసారి రికార్డు చేసి చూసుకోండి.

పాతమిక్సర్:
సరైన పద్ధతి కేబుల్‌తో లూప్‌బ్యాక్. అవుట్‌పుట్‌లోంచి ఇన్‌పుట్‌కి తీగ వేసి శాంపిళ్లు లెక్కపెట్టాలి. నా ఇంటర్‌ఫేస్‌లో 900 శాంపిళ్లు, అంటే 18.75 మిల్లీసెకన్లు. హెడ్‌ఫోన్ దొప్ప ఆనించడం చిలక జోస్యం.

చీకటిగది:
ఆవిడ మైకుకు లైన్ ఇన్‌పుట్ లేదండీ. తీగ ఎక్కడ గుచ్చాలి?

కథలపెట్టె:
నాకు 142 వచ్చింది. −142 పెట్టాను. ముళ్లు రెండూ ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి, ఫొటో తీసుకున్నాను కూడా. చీకటిగది గారూ, మీకు దణ్ణం. హెడ్‌ఫోన్ సంగతి?

వైర్లబుట్ట:
మూసేదే. గాలి ఆడేదైతే సంగీతం కారిపోయి మైకులోకి దూరుతుంది.

రాగమాలిక:
పరీక్ష అయింది. మా చెల్లి బటన్ నొక్కింది, నేను గోడవైపు తిరిగి "ఆ..." అని పట్టుకున్నాను. పదిలో ఎనిమిది సరిగా చెప్పాను. మాస్టారూ, ఉన్నారా?

పాతమిక్సర్:
ఉన్నాను. హెడ్‌ఫోన్ వాల్యూమ్ రెండిట్లోనూ ఒకేలా ఉందా? డైరెక్ట్ దారి సాధారణంగా గట్టిగా వస్తుంది. కొలిచారా?

రాగమాలిక:
...చెల్లి వెళ్లిపోయింది. వచ్చే ఆదివారం.

తాళంతప్పింది:
ఒక చెవి తెరిచి పాడాను. ఇప్పుడు ఫ్యాన్ చప్పుడు రికార్డవుతోంది.