బూట్‌లోడర్‌కు ఫైల్ సిస్టమ్‌లో రాసే వీలు ఇవ్వాలా, వద్దా?

గార్లదిన్నె బోర్డు:
అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో బోరు మోటార్లకు కంట్రోలర్లు చేసి ఇస్తుంటాం. లోపల చిన్న మైక్రోకంట్రోలర్, ఒక ఎస్‌డీ కార్డు, అందులో ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు ఎక్కడున్నాయో లెక్క ఉంచే పద్ధతి) ఫ్యాట్32. కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాం) కార్డులో వేసి పెడితే, కరెంటు రాగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాం బూట్‌లోడర్ దాన్ని చదివి ఎక్కించుకుంటుంది. చదవడం వరకే దానికి వచ్చు. మేం వాడేది ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ లైబ్రరీ. అందులో రీడ్‌ఓన్లీ సెట్టింగ్ 1 నుంచి 0కి మారిస్తే రాయడం కూడా వస్తుంది.

నాకు కావలసినవి మూడు. అప్‌డేట్ అయిపోయాక ఫైల్ పేరు మార్చాలి, లేకపోతే ప్రతిసారీ అదే ఎక్కించుకుంటుంది. ఎన్నిసార్లు బూట్ ఫెయిల్ అయిందో లెక్క ఉండాలి. ఎందుకు ఫెయిల్ అయిందో లాగ్ రాయాలి. నా పార్ట్‌నర్ మాత్రం బూట్‌లోడర్ చేతికి పెన్ను ఇవ్వద్దంటాడు. వారం నుంచి ఇదే గొడవ. మీరేమంటారు?

పాత సోల్డర్:
మీ పార్ట్‌నర్ మాటే నాదీ. కంచే చేను మేసినట్టు అవుతుంది.

ఫ్యాట్‌లో ఒక ఫైల్ చివర నాలుగు లైన్లు చేర్చాలంటే ఎన్ని చోట్ల రాయాలో లెక్కపెట్టు తమ్ముడూ. డేటా ఒకచోట, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ టేబుల్ ఒకచోట, దాని రెండో కాపీ ఇంకోచోట, ఫైల్ సైజు డైరెక్టరీలో. చేయబోయే మార్పులు ముందే రాసిపెట్టుకునే జర్నల్ దీనికి లేదు. మధ్యలో కరెంటు పోతే ఎక్కడికక్కడే. పేరు మార్చడం చిన్న పని అనుకుంటావేమో, ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ ముందు కొత్త పేరుతో ఎంట్రీ రాసి తర్వాత పాతది తీసేస్తుంది. ఆ రెంటి మధ్య ఆగితే ఒకే ఫైల్‌కు రెండు పేర్లు. ఎవరో ఒకటి డిలీట్ చేస్తారు, రెండోది కూడా పోయినట్టే.

ఇంకో మాట. బూట్‌లోడర్ నడిచేది ఎప్పుడు? త్రీ ఫేజ్ అప్పుడే వచ్చినప్పుడు. ఆ క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లు లేపుతాయి, ఓల్టేజీ కూలబడుతుంది, ఫ్యూజు పోతుంది. రోజు మొత్తంలో రాయకూడని టైము ఏదైనా ఉందంటే అదే.

తాడిపత్రి టు బెంగళూరు:
అన్నా, అంత భయం అక్కర్లేదు. లైనక్స్ బోర్డుల్లో వాడే యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో ఫ్యాట్‌కూ, లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4కూ రాసే కమాండ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫ్యాక్టరీలో బోర్డులు నింపడానికి మేం రోజూ వాడతాం.

కానీ ఒకసారి దెబ్బ తిన్నాం, అదీ చెప్తా. లైనక్స్ డిస్ట్రో మార్చాక బూట్‌లోడర్ ఎక్స్‌ట్4లో రాయనని మొండికేసింది. కొత్త ఎంకేఎఫ్‌ఎస్ (ఫార్మాట్ చేసే టూల్) మెటాడేటా చెక్‌సమ్ (ఫైల్ సిస్టమ్ లెక్కలు చెడిపోలేదని సరిచూసే అంకె) తనంతట తాను ఆన్ చేస్తుంది, యూ-బూట్ రాసే కోడ్‌కు అది తెలియదు. నయం, తెలియదని చెప్పి ఆగింది. చెప్పకుండా రాసి ఉంటే మా పని గోవిందా. ఒకే ఫైల్ సిస్టమ్‌కు లైనక్స్‌లో ఒక కోడ్, బూట్‌లోడర్‌లో ఇంకో కోడ్ ఉన్నంతకాలం ఈ తలనొప్పి ఉంటుంది.

గార్లదిన్నె బోర్డు:
ఫ్యాక్టరీ వేరు అన్నా, టేబుల్ మీద యూపీఎస్ ఉంటుంది. నా బోర్డు తోటలో రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఫెయిలైతే రైతు ఫోన్ చేస్తాడు, నేను 40 కిలోమీటర్లు బండేసుకుని పోవాలి. పోయి చూస్తే ఏమైందో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. లాగ్ కోసం నా బాధ అదీ.

రిజిస్టర్ అక్క:
పీసీల్లో లైనక్స్‌ను లేపే బూట్‌లోడర్ గ్రబ్ ఏం చేస్తుందో చూడండి. ఫైల్ సిస్టమ్‌లను చదవడమే తప్ప రాయడం దానికి రాదు. అయినా ఏ ఎంట్రీతో బూట్ అయిందో గుర్తుపెట్టుకుంటుంది. ముందే 1024 బైట్ల ఫైల్ ఒకటి పెట్టి ఉంచుతారు. దాని బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కుని, వాటి మీదే నేరుగా రాస్తుంది. సైజు మారదు, టేబుల్ ముట్టుకోదు, డైరెక్టరీ ముట్టుకోదు. మీరూ కార్డులో ఒక ఖాళీ లాగ్ ఫైల్ ముందే పెట్టుకోవచ్చు కదా.

పాత సోల్డర్:
అక్కా, ఆలోచన మంచిదే, కానీ అడుగున ఉన్నది ఎస్‌డీ కార్డు. మనం 512 బైట్లు రాశాం అనుకుంటాం, కార్డు లోపలి కంట్రోలర్ తన లెక్కలో పెద్ద బ్లాకునే కదిలిస్తుంది. ఆ టైములో కరెంటు పోతే మనం ముట్టుకోని పక్క డేటా కూడా పోవచ్చు. పక్కన ఉన్నది ఫర్మ్‌వేర్ ఫైల్ అయితే?

బోర్డు మీద ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ (విడిగా ఉండే చిన్న మెమరీ చిప్) ఉందా?

గార్లదిన్నె బోర్డు:
ఉంది. డిస్‌ప్లే ఫాంట్ల కోసం వేశాం. సగం ఖాళీనే.

రిజిస్టర్ అక్క:
ఒప్పుకుంటున్నా. కార్డు సంగతి మర్చిపోయా.

నార్ ఉంటే లెక్క సులభం. ఎరేజ్ చేస్తే బిట్లన్నీ 1. 1ని 0 చేయడానికి మళ్లీ ఎరేజ్ అక్కర్లేదు. బూట్ మొదలవగానే బూట్‌లోడర్ ఒక బిట్ సున్నా చేయాలి. అప్లికేషన్ (మోటారు నడిపే అసలు ఫర్మ్‌వేర్) బాగా లేచాక పక్క బిట్ సున్నా చేయాలి. మొదటిది పడి రెండోది పడని జతలు వరసగా మూడు కనిపిస్తే పాత ఫర్మ్‌వేర్‌కు వెళ్లాలి. 4 కిలోబైట్ల సెక్టర్‌లో 32,768 బిట్లు, అంటే 16,384 జతలు. రోజుకు 20 సార్లు కరెంటు పోయి వచ్చినా రెండేళ్లకు పైగా ఎరేజ్ అవసరం రాదు. (మైక్రోకంట్రోలర్ సొంత ఫ్లాష్‌లో మాత్రం ఇది చేయకండి. తప్పులు సరిదిద్దే ఈసీసీ ఉన్నవాటిలో రాసిన చోటే మళ్లీ రాయనివ్వదు.)

లాగ్ కూడా ఇంకో సెక్టర్‌లో, చెక్‌సమ్‌తో చిన్న చిన్న రికార్డులుగా. సగం రాసిన రికార్డుకు చెక్‌సమ్ కుదరదు, వదిలేస్తారు, అంతే.

తాడిపత్రి టు బెంగళూరు:
అదే పద్ధతి యూ-బూట్‌లోనూ ఉందిలెండి. ఎన్విరాన్‌మెంట్‌ను (దాని సెట్టింగులను) రెండు కాపీలుగా, సీఆర్‌సీ చెక్‌సమ్‌తో పెట్టుకోవచ్చు. బూట్ కౌంట్ లిమిట్ దాటితే వేరే కమాండ్ నడుస్తుంది. కానీ నార్‌లో ఉన్న లాగ్ రైతుకు ఎలా కనిపిస్తుంది? కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే చదవగలగాలి, అసలు అడిగింది అదే కదా.

రిజిస్టర్ అక్క:
అప్లికేషన్ లేచాక, ఓల్టేజీ కుదురుకున్నాక, తీరిగ్గా నార్ నుంచి కార్డులోకి కాపీ చేస్తుంది. కొత్తది లేవకపోతే పాతది లేస్తుంది కదా, అది చేస్తుంది. రెండూ లేవకపోతే ఎల్‌ఈడీ బ్లింకులే దిక్కు.

గార్లదిన్నె బోర్డు:
సరే, ఓడిపోయా. రీడ్‌ఓన్లీ 1 అలాగే ఉంచుతున్నా. పేరు మార్చే పని కూడా పీకేశా. ఫర్మ్‌వేర్ హెడర్‌లో వెర్షన్ నంబరు చూసి, లోపల ఉన్నదీ అదే అయితే వదిలేస్తుంది. ఒకసారి మూడు దెబ్బలు తిన్న వెర్షన్‌ను నార్‌లో నోట్ చేసుకుంటుంది, మళ్లీ ఎక్కించదు. పార్ట్‌నర్‌కు ఈ థ్రెడ్ చూపించా, సాయంత్రం మిరపకాయ బజ్జీలు నా ఖాతాలో పడ్డాయి.

ఎన్ని బ్లింకులకు ఏ తప్పో కాగితం మీద రాసి స్టార్టర్ డబ్బా మూత లోపలి వైపు అంటిస్తా. ఎండకు ఇంకు వెలిసిపోకుండా ఏం వాడతారో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సోల్డర్:
కాగితం వద్దు తమ్ముడూ, బొద్దింకలు కొరుకుతాయి. అల్యూమినియం రేకు మీద చెక్కించు.