మహిళల బీఎంఎక్స్ ఫ్రీస్టైల్: తొక్కినవాళ్లు, నేర్పినవాళ్లు అనుభవాలు చెప్పండి

పెడల్_పిన్ని
మా అక్క కూతురికి పదమూడేళ్లు. బీఎంఎక్స్ అనే ఇరవై అంగుళాల చక్రాల చిన్న సైకిలెక్కిందంటే ఇక ర్యాంపులుండే స్కేట్‌పార్కే లోకం. బన్నీహాప్ (సైకిల్‌తో సహా పైకి గెంతడం) బాగా చేస్తుంది, 180 (గాల్లో సగం చుట్టు) శుభ్రంగా తిరుగుతుంది, చిన్న బాక్స్ జంప్ (పైన చదునుగా ఉండే ర్యాంప్) బెదరకుండా దాటుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ సైకిల్ విన్యాసాల (ఫ్రీస్టైల్) మహిళల ఫైనల్ చూసిన దగ్గర్నుంచి "నేనూ పోటీకి వెళ్తా పిన్నీ" అని ఒకటే పట్టు. వాళ్లమ్మకి భయం, నాకేమో పంపాలని ఉంది.

ఆ ఫైనల్ నేనూ కళ్లార్పకుండా చూశాను. చైనా అమ్మాయి డెంగ్ యావెన్ 92.60తో స్వర్ణం గెలిచింది, అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లే. అమెరికాకి చెందిన పెరిస్ బెనెగాస్ 90.70తో రజతం, ఆస్ట్రేలియా అమ్మాయి నటాల్యా డీమ్ 88.80తో కాంస్యం. ఇవి ఎవరైనా చెప్తారు. నాకు లోపలి సంగతులు కావాలి. జడ్జీలు ఏం చూస్తారు? తలకిందులుగా తిరగడం ఎలా నేర్పుతారు? దెబ్బల మాటేంటి? చుట్టూ అబ్బాయిలే ఉన్న పార్కులో ఆడపిల్ల ఎలా నిలదొక్కుకుంటుంది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి రాయండి.

జడ్జి_సీటు
చిన్న పోటీలకి జడ్జిగా కూర్చుంటూ ఉంటాను కాబట్టి మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

ఫలానా ట్రిక్కుకి ఇన్ని మార్కులు అని పట్టిక ఏమీ ఉండదండి. రన్ (ఒక రైడర్ పార్కులో ఒకసారి తొక్కే 60 సెకన్లు) మొత్తం చూసి వందకి వేస్తాం. ఎత్తు, కష్టం, కొత్తదనం, ల్యాండింగ్ శుభ్రత, పార్కులో ఎంత భాగం వాడుకుంది, ఒక ట్రిక్కు నుంచి ఇంకోదానికి ఎంత సాఫీగా వెళ్లింది, అన్నీ కలిసే ఉంటాయి. ఆ 60 సెకన్లు బయటి నుంచి చూస్తే చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, ఊపిరి నిలుపుకోలేక చివరి పదిహేను సెకన్లలో చేతులు జావగారిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

టీవీలో పట్టుకోలేని విషయం ఒకటి చెప్తాను. ల్యాండ్ అయ్యాక పెడల్ ఎన్నిసార్లు తొక్కిందో గమనించండి. ర్యాంప్ వాలు మీద రెండు చక్రాలూ సరిగ్గా దిగితే ఆ వాలే వేగం ఇస్తుంది, తర్వాతి ర్యాంపుకి ఆమె ఊరికే జారుతూ వెళ్లిపోతుంది. వాలు మీద కాకుండా పైన చదునులో పడితే దబ్‌మని చప్పుడొస్తుంది, వేగం పోతుంది, గబగబా నాలుగు తొక్కులు తొక్కక తప్పదు. ప్రేక్షకులు ట్రిక్కుకి చప్పట్లు కొడుతుంటే మేం ఆ నాలుగు తొక్కుల్ని రాసుకుంటాం. కాలు జారి నేలకి తగిలినా స్కోరు తగ్గుతుంది. ఒకే ట్రిక్కు మళ్లీ చేస్తే రెండోసారి దానికి పెద్ద విలువ ఉండదు. అదే ట్రిక్కు తనకి అలవాటు లేని వైపు తిరిగి చేస్తే మాత్రం మేం కుర్చీలో నిటారుగా కూర్చుంటాం.

ఇంకో మాట. పారిస్‌లో అర్హత రౌండులో పన్నెండుమందికీ రెండు రన్‌ల సగటు తీశారు. ఫైనల్‌కి వచ్చిన తొమ్మిదిమందికి రెండింటిలో మంచి రన్ ఒక్కటే లెక్క. ఆట స్వభావమే అక్కడ మారిపోతుంది. సగటు తీసేచోట ఒక్కసారి పడ్డా కొంప మునుగుతుంది, మంచి రన్ లెక్కపెట్టేచోట మొదటి రన్‌లో తెగించి పడినా ఇంకో అవకాశం ఉంటుంది.

రెండోరన్
జడ్జి గారు చెప్పినదానికి టోక్యో ఒలింపిక్స్‌ని మించిన ఉదాహరణ లేదు. 2021 ఆగస్టు 1, అరియాకే అర్బన్ స్పోర్ట్స్ పార్క్. మహిళల ఫ్రీస్టైల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది అప్పుడే. అమెరికా అమ్మాయి హన్నా రాబర్ట్స్ మొదటి రన్‌లోనే 96.10 కొట్టేసింది. బ్రిటన్‌కి చెందిన షార్లెట్ వర్తింగ్టన్ మొదటి రన్‌లో 360 బ్యాక్‌ఫ్లిప్‌కి (వెనక్కి పల్టీ కొడుతూనే పక్కకి ఒక చుట్టు) వెళ్లి పడింది. ఎవరైనా అయితే రెండో రన్‌లో ఆ ట్రిక్కు తీసేసి, పతకం చాలనుకుంటారు. ఆమె అదే ట్రిక్కు మళ్లీ పెట్టింది, దిగింది, 97.50తో గెలిచింది. మహిళల పోటీల్లో ఆ ట్రిక్కు ల్యాండ్ అవడం అదే మొదటిసారి. స్విట్జర్లాండ్ అమ్మాయి నికితా డ్యూకరోజ్‌కి 89.20తో కాంస్యం.

వర్తింగ్టన్ అంతకు కొన్నేళ్ల ముందు వరకు మెక్సికన్ రెస్టారెంట్‌లో వంట చేసేది, పని అయ్యాక తొక్కేది. చిన్నప్పుడు స్కూటర్ తొక్కేది, బీఎంఎక్స్‌కి మారింది ఇరవై ఏళ్ల వయసులో. మీ అమ్మాయి పదమూడేళ్లకే మొదలుపెట్టింది, ఆలస్యమైందన్న భయమైతే అక్కర్లేదు.

ఎత్తుపల్లం
రెండోరన్ గారూ, తెగింపు కథలో గెలిచినవాళ్లే గుర్తుంటారండి. హన్నా రాబర్ట్స్ సంగతి కూడా చెప్పాలి. 2017లో చైనాలోని చెంగ్డూలో మొదటిసారి ఫ్రీస్టైల్ పార్క్‌కి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టినప్పుడు పదహారేళ్లకే గెలిచింది. 2019, 2021, 2022, 2023లో మళ్లీ తనే. పారిస్‌లో అర్హత రౌండులో అందరికంటే పైన నిలిచింది. ఫైనల్లో రెండు రన్‌లలోనూ పడింది, చేతికి ఏ పతకమూ రాలేదు. అప్పటికే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అండి! మొదటి రన్ పడ్డాక రెండోది కాస్త తగ్గించి తొక్కి ఉంటే పతకం వచ్చేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పిల్లలకి నేర్పేవాళ్లు ముందు ఒక "సేఫ్ రన్" తయారు చేయించాలనేది నా గట్టి అభిప్రాయం.

గాల్లో_గీత
ఎత్తుపల్లం గారితో ఒప్పుకోను. నేను పోటీల్లో తొక్కుతాను కాబట్టి అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో చెప్తాను. డ్రాప్ ఇన్‌కి (ర్యాంప్ పైనుంచి కిందికి దిగి రన్ మొదలుపెట్టడానికి) ముందు ప్లాట్‌ఫాం అంచున ముందు చక్రం గాల్లో పెట్టి నిలబడతాం. అప్పుడు చెవులకి మైకు వినపడదు, మన చక్రం మధ్యలోని హబ్ టిక్‌టిక్‌మనే చప్పుడే వినిపిస్తుంది. ఆ క్షణంలో "తగ్గించి తొక్కుదాం" అని మనసు మార్చుకుంటే ఇంకా ఎక్కువ పడతాం. ఎందుకంటే ప్రతి ర్యాంపుకీ వేగం ముందే లెక్కగట్టి ఉంటుంది. ఒక ట్రిక్కు తీసేస్తే వేగం మారుతుంది, వేగం మారితే తర్వాతి గ్యాప్ దాటడానికి ఊపు చాలదు, ఆ చాలకపోవడంలోనే దెబ్బ తగులుతుంది. సేఫ్ రన్ ఉండాలన్న మాట నిజమే, కానీ దాన్ని వారాల తరబడి విడిగా తొక్కి ఉండాలి. అక్కడికక్కడ పుట్టించేది సేఫ్ కాదు.

రాబర్ట్స్‌ది తప్పు అనడం నాకు నచ్చదు. పైన నిలిచినవాళ్లందరూ అంత దగ్గరగా ఉన్నప్పుడు తగ్గించి తొక్కినవాళ్లకి స్వర్ణం దక్కదు, అది ఆమెకి తెలుసు.

ఎత్తుపల్లం
వేగం లెక్క మారిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. అయినా పదమూడేళ్ల పిల్లకి, ఒలింపిక్స్ ఫైనల్‌కి ఒకటే సూత్రం కుదరదంటాను.

గాల్లో_గీత
ఆ మాటకి నేనూ ఒప్పుకుంటా.

ఫోమ్‌పిట్_కోచ్
తలకిందులుగా తిరగడం, అంటే బ్యాక్‌ఫ్లిప్ గురించి అడిగారు కదా, కాస్త వివరంగా రాస్తాను. తల్లిదండ్రులు కూడా చదవాలి.

మొదట ఫోమ్ పిట్. నురగ ముక్కలు నింపిన గొయ్యి ముందు ర్యాంప్ ఉంటుంది. అందులో పడితే ఏమీ కాదు, అందుకే ధైర్యం వస్తుంది. అదే దాని ప్రమాదం కూడా. గొయ్యిలో ఎలా పడ్డా ఒకటే కాబట్టి, తిరగడం సగంలో ఆగిపోయినా పిల్ల "వచ్చేసింది" అనుకుంటుంది. నేను చూసేది తల. ర్యాంప్ పెదవి (పై అంచు) దాటకముందే తల వెనక్కి విసిరితే సైకిల్ పైకి లేవదు, అక్కడికక్కడే తిరిగి ర్యాంప్‌కే కొట్టుకుంటుంది. ముందు చక్రం పెదవి దాటి గాల్లోకి వెళ్లాక, చేతులతో హ్యాండిల్‌బార్‌ని ఒళ్లోకి లాగుతూ, అప్పుడు చూపు వెనక్కి పంపాలి. కళ్లు ముందు వెళ్తే ఒళ్లు దానంతటదే వెనకాల వస్తుంది. ఫ్లిప్ మొదట్లో కళ్లు మూసుకునే పిల్లలు చాలామంది. కళ్లు తెరిచి కింద నేల చూస్తున్నారని ఖాయం అయ్యేదాకా నేను తర్వాతి దశకి పంపను.

తర్వాత రెసీ. చెక్క ర్యాంప్ మీద నురగ, దానిపైన మందపాటి ప్లాస్టిక్ పొర. దీని మీద నిజంగా చక్రాలతో దిగాలి, పడితే మాత్రం ఒళ్లు జారుకుంటూ పోతుంది. కొన్నిచోట్ల గాలి నింపిన ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పిట్‌లో దాక్కున్న తప్పులన్నీ రెసీ మీద బయటపడతాయి. అక్కడ అలసిపోయి ఉన్నప్పుడు కూడా కుదిరితేనే చెక్క మీదికి.

360 బ్యాక్‌ఫ్లిప్ అంటే వెనక్కి తిరుగుతూనే పక్కకి ఒక పూర్తి చుట్టు. రెండు దిశల్లో తిరుగుడు కాబట్టి నేల ఎక్కడుందో కళ్లకి దొరికేది చాలా ఆలస్యంగా. మంచి ఫ్లిప్, మంచి 360 విడివిడిగా ఉన్నవాళ్లు కూడా దీని దగ్గర నెలల తరబడి తడబడతారు. మీ అమ్మాయి దాని జోలికి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు. టెయిల్‌విప్ మొదలుపెట్టమనండి. హ్యాండిల్‌బార్ చేతుల్లోనే ఉంటుంది, వెనక కాలితో ఫ్రేమ్‌ని తన్ని చుట్టూ తిప్పాలి, తిరిగొచ్చిన పెడల్‌ని కాళ్లతో అందుకోవాలి. ముందు కాలు దొరికితే చాలు, రెండోది వెతుక్కోవచ్చు. పెడల్ పిన్నులు మోకాలి కింద ఎముకకి తగులుతాయి, షిన్‌గార్డు లేకుండా ఒక్క ప్రయత్నం కూడా వద్దు.

మోకాలి_డాక్టరమ్మ
ఫిజియోథెరపిస్టుని, క్రీడాకారిణుల్ని చూస్తుంటాను. అక్కకి భయం ఉండడం సహజం, ఆ భయాన్ని పనికొచ్చే వైపు తిప్పండి. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ గాయాలు గెంతి దిగే ఆటల్లో అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఎక్కువ. ఎదిగే వయసులో తొడ వెనక కండరాలు, పిరుదుల కండరాలు బలపరిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. గంట సైకిల్ తొక్కితే పావుగంట అయినా ఒంటికాలి స్క్వాట్లు, గెంతి మెత్తగా దిగే కసరత్తులు ఉండాలి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగుతున్నాయేమో ముందు నుంచి వీడియో తీసి చూడండి.

నటాల్యా డీమ్ పేరు పిన్ని గారు రాశారు. ఆమె మోకాళ్లకి ఏసీఎల్ శస్త్రచికిత్స ఐదుసార్లు జరిగింది. ఆ తర్వాతే పారిస్ కాంస్యం. ఇది చదివి పిల్లలు "దెబ్బలు తగిలినా పర్లేదు" అనుకోకూడదని నా కోరిక. ఒక్కో శస్త్రచికిత్సకీ తొమ్మిది నెలలో ఏడాదో ఆటకి దూరం. ఆ నెలల్లో ఆ అమ్మాయి కసరత్తు గదిలో పడే కష్టం ఏ కెమెరాకీ దొరకదు. నాకు ఆ పతకం మీద గౌరవం అందుకే.

తలకి దెబ్బ తగిలిన అనుమానం ఉంటే ఆరోజు మళ్లీ సైకిలెక్కకూడదు. దీంట్లో బేరం లేదు.

ఒక్కతే_అమ్మాయి
పార్కులో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. అబ్బాయిలు చెడ్డవాళ్లేం కాదు, కానీ ర్యాంప్ వంతు మనకి దొరకదు. ఎవరూ ఆపరు, ఎవరూ పిలవరు. అంచున నిలబడి నిలబడి ఇంటికెళ్లిపోయే సాయంత్రాలు ఉండేవి. వారానికోసారి అమ్మాయిలకి మాత్రమే అని ఒక సెషన్ పెట్టాక అంతా మారింది. మనకంటే కాస్త ముందున్న అమ్మాయి ఒకటి చేస్తే "నాకూ వస్తుంది" అనిపిస్తుంది. ఎంతో గొప్పగా తొక్కే అబ్బాయిని చూస్తే అలా అనిపించదు, కారణం చెప్పలేను గానీ అది నిజం.

ఒలింపిక్స్ వల్ల వచ్చిన తేడా మాత్రం కళ్లారా చూశాను. 2017 జూన్‌లో టోక్యోకి ఈ ఆటని చేర్చినప్పుడు పురుషులకీ మహిళలకీ సమానంగా స్థానాలిచ్చారు. టోక్యోలో తొమ్మిదేసిమంది, పారిస్‌లో పన్నెండేసిమంది. దేశాల సమాఖ్యలకి పతకం కావాలంటే అమ్మాయిలకి కూడా కోచ్‌ని, ప్రాక్టీసు చోటుని ఇవ్వక తప్పలేదు. అంతకుముందు చాలా పోటీల్లో మాకు విభాగమే ఉండేది కాదు. ఉన్నచోట మధ్యాహ్నం ఎండలో, ప్రేక్షకులు రాకముందే అయిపోయేది. ఆ రోజుల్లో సొంత డబ్బుతో తిరిగి, విభాగం పెట్టించేదాకా వదలకుండా అడిగిన పెద్దక్కలకి ఈ తరం రుణపడి ఉంది.

మెల్లగా
నేను పెద్దగా రాసేదాన్ని కాదు. మీ అమ్మాయికి భయం వేస్తే నికితా డ్యూకరోజ్ గురించి చెప్పండి. ఆమెకి తీవ్రమైన ఆందోళన సమస్య ఉండేది, ఒకప్పుడు ఇల్లు దాటడమే కష్టంగా ఉండేది. ఆమె దాన్ని దాచుకోలేదు, అందరి ముందూ మాట్లాడుతుంది. నాకూ ఆ సమస్యే. పోటీ రోజు పొద్దున వాంతి వచ్చినట్టుండడం నా ఒక్కదానికే కాదని తెలిసినప్పుడు చాలా తేలికపడ్డాను.

పెడల్_పిన్ని
అందరికీ చేతులెత్తి దండం. అక్కకి చదివి వినిపించాను. మోకాలి డాక్టరమ్మ గారి మాటల దగ్గర మళ్లీ చదవమంది. కసరత్తు రేపటి నుంచే మొదలు, స్థానిక పోటీకి వచ్చే సీజన్‌లో చూద్దామంది, అదే గొప్ప.

చివరగా ఒక చిన్న అనుమానం. పిల్ల బ్రేకు తీసేస్తానంటోంది, పెద్ద రైడర్లకి లేవట. తీయనివ్వాలా?

ఫోమ్‌పిట్_కోచ్
ఇప్పుడే వద్దండి. బార్‌స్పిన్ (గాల్లో హ్యాండిల్‌ని పూర్తి చుట్టు తిప్పే ట్రిక్కు) చేసేటప్పుడు హ్యాండిల్ తిరిగితే బ్రేకు తీగ చుట్టుకుంటుందని తీయాలనుకుంటారు. దానికి గైరో అని ఒకటి దొరుకుతుంది, ఫ్రేమ్ ముందు గొట్టం దగ్గర బిగిస్తారు. హ్యాండిల్ ఎన్ని చుట్లు తిరిగినా తీగ మెలిక పడదు. వెనక బ్రేకు ఒక్కటి ఉంచి అది పెట్టించండి. రెండు తీగలూ ఒకే బిగువులో ఉన్నాయో లేదో వారానికోసారి చూసుకోమనండి, తేడా ఉంటే లీవర్ నొక్కినప్పుడు బ్రేకు సగమే పడుతుంది.

జడ్జి_సీటు
బ్రేకు ఉందని మేమెవరమూ మార్కులు తగ్గించం, పిల్లకి చెప్పండి. పోటీకి పేరిచ్చాక ముందురోజు ప్రాక్టీసుకి తప్పకుండా తీసుకెళ్లండి. అలవాటైన పార్కులో వచ్చిన వేగం కొత్త ర్యాంపుల మీద రాదు. ఆరోజు ట్రిక్కులేవీ చేయకుండా ఊరికే అన్ని ర్యాంపులూ దాటించండి, ఎక్కడ ఎన్ని తొక్కులు కావాలో లెక్కపెట్టుకోనివ్వండి.