కొంగుక్ యూనివర్సిటీ దగ్గర చైనీస్ హోటళ్లు: పోర్క్, బీఫ్ తినకపోతే ఏం ఆర్డర్ చేయాలి?

ప్రశ్న (కొత్తగా వచ్చిన గుంటూరు అబ్బాయి):

అందరికీ నమస్తే అండి. నేను దక్షిణ కొరియాలోని సియోల్ వచ్చి పదకొండు రోజులైంది. సెజోంగ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. రూమ్ జయాంగ్‌డోంగ్‌లో, కొంగుక్ యూనివర్సిటీ స్టేషన్‌కి నడిస్తే పది నిమిషాలు. రూములో ఉన్నది ఒక్క ఇండక్షన్ స్టవ్, నాకు వచ్చినవి పప్పు, ఆమ్లెట్. గోంగూర సీసా అప్పుడే సగానికి వచ్చింది. ల్యాబ్ నుంచి బయటపడేసరికి రాత్రి తొమ్మిదవుతోంది.

మా వీధి నిండా చైనీస్ అక్షరాల ఎర్ర బోర్డులే. మొన్న ఒక హోటల్‌కి వెళ్లి ఫ్రైడ్ రైస్ బొమ్మ చూపించాను. అందులో చిన్న చిన్న గులాబీ రంగు ముక్కలున్నాయి. క్యారెట్ అనుకుని సగం తినేశాక, అది హామ్, అంటే పంది మాంసం అని ల్యాబ్‌మేట్ చెప్పాడు. నేను చికెన్, మటన్, చేపలు తింటాను. పోర్క్, బీఫ్ తినను. ఇప్పుడు ఏ హోటల్ మెట్లెక్కాలన్నా టెన్షన్‌గా ఉంది. ఈ చుట్టుపక్కల ఏం తినొచ్చో, ఎలా అడగాలో సీనియర్లు కాస్త చెప్తారా?

జవాబు (ఏడేళ్లుగా ఇక్కడే ఉన్న వరంగల్ అన్న):

తమ్ముడూ, ముందు ఆ హామ్ సంగతి మర్చిపో. ఇక్కడ ఆ దెబ్బ తినని మనవాడు నాకింకా తగల్లేదు. నాదైతే మరీ ఘోరం. వచ్చిన కొత్తలో జాజాంగ్‌మ్యన్ అని నల్ల సాస్ నూడుల్స్ అలవాటయ్యాయి. సోయా ముద్దతో చేస్తారని ఎవరో చెప్తే శాకాహారమని నమ్మాను. మధ్యలో తగిలే మెత్తటి ముక్కలు పుట్టగొడుగులనుకున్నాను. మూడు నెలలు, వారానికి రెండుసార్లు. అవి పంది మాంసం ముక్కలు.

ఇప్పుడు అసలు విషయం. మీ పేటలో బోర్డు మీద చైనీస్ అని ఉన్నవన్నీ ఒక జాతి హోటళ్లు కావు. ముఖ్యంగా రెండు రకాలు. ఏ రకం దాంట్లో అడుగుపెట్టావో తెలిస్తే సగం గండం గడిచినట్టే.

మొదటిది జుంగుక్‌జిప్. అంటే ‘చైనా ఇల్లు’. పేరుకే చైనా, వంట మాత్రం కొరియా వాళ్ల నాలుకకు తగ్గట్టు మారిపోయింది. మన ఊళ్లో ఫాస్ట్‌ఫుడ్ బండి మీద దొరికే నూడుల్స్‌కీ చైనాకీ ఎంత చుట్టరికమో, దీనికీ అంతే. 1883లో ఇంచియాన్ రేవు తెరిచాక షాన్‌డోంగ్ నుంచి వచ్చిన చైనీయులు తమ ఊరి నూడుల్స్ వండుకున్నారు. అదే మారి మారి ఇప్పటి జాజాంగ్‌మ్యన్ అయింది. ఇంచియాన్ చైనాటౌన్‌లో దానికో మ్యూజియం కూడా ఉంది, 2012లో పెట్టారు. ఒక ఆదివారం వెళ్లిరా.

ఈ హోటళ్ల పేర్ల చివర ఎక్కువగా బాన్‌జమ్ అనో, గాక్ అనో, రు అనో ఉంటుంది. కొరియన్ అక్షరాలు వారం పది రోజుల్లో వచ్చేస్తాయి, మన గుణింతం కంటే తేలిక. బద్ధకించకుండా నేర్చుకో. జాజాంగ్‌మ్యన్‌లో పంది ముక్కలుంటాయి. తాంగ్సుయుక్ అంటే పంది మాంసానికి పిండి పట్టించి వేయించి తియ్యటి పులుపు సాస్‌తో ఇచ్చేది. ఆ సాస్ పైన పోయాలా, విడిగా ముంచుకోవాలా అని కొరియా వాళ్లు పెద్ద గొడవే పడతారు. ఆ గొడవతో నీకు పని లేదు. జాంపోంగ్ అంటే ఎర్రటి కారం సూప్‌లో నూడుల్స్, ఆల్చిప్పలు, స్క్విడ్. చూడగానే మన ప్రాణం లేచొస్తుంది కానీ చాలా చోట్ల అందులోనూ పంది మాంసం పీలికలు వేస్తారు, రసం ఎముకలతో మరిగిస్తారు. బొక్కుంబాప్ అనేదే నీకు తగిలిన ఫ్రైడ్ రైస్. ఒక పెద్ద ఆర్డర్ ఇస్తే ఊరికే పెట్టే వేపుడు మాండూల్లో (మోమోల్లాంటివి) కూడా పోర్కే. ఊరికే వచ్చింది కదా అని నోట్లో వేసుకోకు.

మరి ఏం తినాలి? ఈ మూడు పేర్లు ఫోన్‌లో రాసుకో: కాన్‌పుంగి, రాజోగి, యూరింగి. చివర ఉన్న ఆ ‘గి’ కోడికి గుర్తు. కాన్‌పుంగి అంటే వేయించిన చికెన్‌ని వెల్లుల్లి, ఎండుమిర్చితో పొడిగా కలిపేది. కళ్లు మూసుకుని తింటే హైదరాబాద్‌లో చిల్లీ చికెన్ ఒక్క క్షణం గుర్తొస్తుంది. యూరింగి మీద సోయా, వెనిగర్, పచ్చిమిర్చి పోస్తారు. నాకు అన్నింటిలోకీ ఇదే ఇష్టం. ఒక్కటే చిక్కు. ఇవి పెద్ద ప్లేట్లు, ఒక్కడికి ఎక్కువ, ధర కూడా ఇరవై వేల వన్‌లు దాటుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. వేయించే నూనె అన్నింటికీ ఒకటే, ఆ మాత్రం పట్టింపు ఉంటే ఈ రకం హోటళ్ల జోలికే వెళ్లకు.

రెండో రకం నీ వీధిలో ఎర్ర బోర్డులు. అవి యాంగ్‌కొచి హోటళ్లు. యాంగ్ అంటే గొర్రె, కొచి అంటే చువ్వ. నడిపేది ఎక్కువగా జోసన్‌జోక్ వాళ్లు, అంటే చైనాలో పుట్టి పెరిగిన కొరియన్లు. వీళ్ల తాతలు వందేళ్ల కిందటే కరువుకో, జపాన్ పాలనకో ఊరొదిలి మంచూరియా వైపు వెళ్లారు. 1992లో కొరియా, చైనాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక మనవలు పనుల కోసం తిరిగొచ్చారు. ఇంకో తమాషా విను. గోబీ మంచూరియా తిని పెరిగిన మనం, అసలైన మంచూరియా మనుషుల హోటల్లో కూర్చుంటాం. వాళ్లకి మన మంచూరియా అంటే ఏమిటో తెలీదు. మా వీధి ఓనరమ్మకి ఫోన్‌లో ఫొటో చూపిస్తే క్యాలీఫ్లవర్‌కి అంత ఎర్ర రంగు ఎందుకు పూశారని అడిగింది.

ఇక్కడ నీకు పండగే. చువ్వలకు గుచ్చిన గొర్రె మాంసం నీ బల్ల మీదే నిప్పుల పైన తిరుగుతూ కాలుతుంది. చాలా చోట్ల చువ్వ చివర చిన్న పళ్లచక్రం ఉంటుంది, దాన్ని గాడిలో పెడితే తనంతట తనే తిరుగుతుంది. పక్కన పొడి పెడతారు: జీలకర్ర, కారం, నువ్వులు, ఉప్పు. జీలకర్రని వీళ్లు జరాన్ అంటారు. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు మా వంటింట్లో పోపు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు నేను. పది చువ్వలు ఒక మనిషి లెక్క, పదిహేను వేల వన్‌ల పైచిలుకు. చాలా చోట్ల కనీసం ఇద్దరి లెక్క ఆర్డర్ ఇవ్వాలంటారు, ఒంటరిగా వెళ్తే ముందే అడుగు. పక్క బల్ల మీద ఉండే క్వోబారో మాత్రం పోర్క్. చూడ్డానికి మన అప్పడంలా ఉంటుంది, మోసపోకు.

అడగాల్సిన మాటలు రెండే. ‘దేజీగోగీ ప్పే జుసేయో’ అంటే పంది మాంసం తీసేయండి. ‘సోగోగీ’ అంటే గొడ్డు మాంసం. ఇంకా ఒకటుంది, గుర్తుపెట్టుకో. కొరియన్‌లో ఊరికే ‘గోగీ’, అంటే మాంసం, ఉందా అని అడిగితే, హామ్ మాంసం లెక్కలోకి రాదనుకుని లేదనేస్తారు కొందరు. అందుకే హామ్ అని విడిగా అడుగు.

జవాబు (శాకాహారి అక్క, హన్యాంగ్ యూనివర్సిటీ):

అన్న చికెన్ దగ్గర ఆగిపోయాడు, మా సంగతి నేను చెప్తాను. మా వారు, నేను ఇద్దరం మాంసం ముట్టం, గుడ్డు తింటాం. నాలుగేళ్లుగా మమ్మల్ని బతికిస్తున్నవి ఆ గొర్రె హోటళ్లే అంటే నమ్మరు!

మెనూ వెనక పేజీ చూడండి. జీసాంసన్ అని ఉంటుంది. వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికమ్ వేయించి సాస్‌లో కలిపిన కూర. తెల్లన్నంతో తింటే గుత్తి వంకాయకి దూరపు చుట్టం. ఒహ్యాంగ్‌గాజి కూడా వంకాయే, కానీ అందులో పోర్క్ కీమా వేసే వాళ్లున్నారు, అడగాలి. టొమాటో గేరన్ బొక్కుమ్ అంటే టొమాటో, కోడిగుడ్డు వేపుడు, అచ్చం మన ఇంటి కూరే. గామ్జాచే బొక్కుమ్ అని సన్నగా తరిగిన బంగాళాదుంప పుల్లగా, కారంగా వస్తుంది. సాస్‌లో ఆయిస్టర్ సాస్, చికెన్ పొడి పడే మాట నిజమే. వద్దని చెప్తే మా హోటల్ ఆంటీ ఉప్పు, వెల్లుల్లితో చేసిస్తుంది. రద్దీ లేని వేళ, సాయంత్రం ఐదింటికి వెళ్లి అడిగితే వింటారు. రాత్రి ఎనిమిదికి అడిగితే వినరు.

మారాథాంగ్ అనే చైనీస్ కారం సూప్ గురించి ఒక హెచ్చరిక. కొంగుక్ చుట్టూ ఇవి బోలెడు. గిన్నె పట్టుకుని ఆకుకూరలు, పుట్టగొడుగులు, తామరదుంప, టోఫు మనమే ఏరుకుంటాం, తూకం వేసి వంద గ్రాములకి ఇంత అని తీసుకుంటారు. అన్నీ కూరలే కదా అని మొదటి నెల ధైర్యంగా తాగాను. ఆ రసం చాలా చోట్ల గొడ్డు ఎముకలతో కాచింది. మాంసం వద్దంటే పైన ముక్కలు వేయరు, అంతే. సూప్ లేని వేపుడు రకం మారాషాంగువో నయమనుకున్నాను. దాని మసాలా ముద్దలో కూడా బీఫ్ కొవ్వు వాడేవి ఉన్నాయట. అందుకే ఇప్పుడు రెండూ మానేశాను. బీఫ్ పట్టింపు లేని వాళ్లకైతే అద్భుతం. కారం ఎన్నో నంబరని అడుగుతారు. మేం ఆంధ్రా వాళ్లం అని మీసం తిప్పి మూడు చెప్పకండి. అది మన కారం కాదు. అక్కలకర్ర నమిలినట్టు నాలుక మొద్దుబారుతుంది. ఒకటితో మొదలుపెట్టండి.

జవాబు (కర్నూలు సోదరుడు):

హలాల్ చూసుకునే వాళ్లకి ఒక మాట. గొర్రె మాంసం కదా అని యాంగ్‌కొచి హోటల్‌ని హలాల్ అనుకోకండి. అదే కత్తి, అదే నిప్పుల మీద పోర్క్ కూడా కాలుతుంది. మెట్రో రెండో నంబర్ లైన్ ఎక్కి దోంగ్‌దేమున్ హిస్టరీ అండ్ కల్చర్ పార్క్‌లో దిగితే ఉజ్బెక్ హోటళ్ల వీధి ఉంది. అక్కడ హలాల్ హోటళ్లు దొరుకుతాయి. చువ్వలు పెద్దవి, రొట్టె వేడిగా ఇస్తారు.

మళ్లీ ప్రశ్న (గుంటూరు అబ్బాయి):

అన్నా, అక్కా, మీ రుణం తీర్చుకోలేను. నిన్న రాత్రి ల్యాబ్‌మేట్‌ని లాక్కెళ్లి కామన్ గ్రౌండ్ నీలం కంటైనర్ల మాల్ వెనక సందులో యాంగ్‌కొచి తిన్నాను. జీలకర్ర వాసన నిజమే! అయితే రెండు సందేహాలు. బల్ల మీద స్పూన్లు, చాప్‌స్టిక్స్ ఏమీ లేవు, పది నిమిషాలు దిక్కులు చూశాం. వెళ్లేటప్పుడు టిప్ ఇవ్వబోతే ఆవిడ డబ్బు వెనక్కి ఇచ్చి వీధిలోకి వచ్చి మరీ నవ్వింది. తప్పు చేశానా?

జవాబు (వరంగల్ అన్న):

తప్పేం లేదురా. ఇక్కడ టిప్ అలవాటు లేదు, డబ్బు మర్చిపోయి వెళ్లావనుకుంటారు. స్పూన్లు బల్ల పక్కన సొరుగులో ఉంటాయి, చెయ్యి పెట్టి తడుము. మంచినీళ్లు చాలా చోట్ల మనమే తెచ్చుకోవాలి. బల్ల అంచున బటన్ ఉంటే నొక్కు, లేకపోతే ‘చొగియో’ అని గట్టిగా పిలువు. మన దగ్గర పిలిచినట్టు చిటికెలేయకు. బిల్లు బల్ల దగ్గరికి రాదు, లేచి కౌంటర్ దగ్గర కట్టాలి. దారికి గూగుల్ మ్యాప్ కంటే నేవర్ మ్యాప్ వాడు, మెనూ చదవడానికి పాపగో అనే అనువాద యాప్.

జుంగుక్‌జిప్‌లో పక్కన ఊరికే వచ్చే పచ్చి ఉల్లిపాయ, పసుపు రంగు ముల్లంగి ఊరగాయ వదలకు. ఉల్లిపాయని పక్కన ఇచ్చే నల్ల సోయా ముద్దలో అద్దుకుని తినాలి, ఊరగాయ మీద వెనిగర్ చల్లుకోవాలి. బల్ల మీద కారప్పొడి డబ్బా ఉంటుంది. అది మనకోసమే పెట్టారని నా నమ్మకం.

ఎండలు రానీ, శనివారం సాయంత్రం ఏడో నంబర్ లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్లి జయాంగ్‌లో దిగుదాం. హాన్ నది ఒడ్డున చాప పరుచుకుని కూర్చుంటే, గడ్డి దాకా ఆర్డర్ తెచ్చిస్తారు. నీకు కాన్‌పుంగి చెప్తాను. అక్క వాళ్లు వస్తామంటే జీసాంసన్ వేరే డబ్బాలో. దానికి గోంగూర తెచ్చే పూచీ మాత్రం నీదే, ఆ సీసాలో ఇంకా మిగిలి ఉంటే.