నాలుగైదు వాట్ల మోర్స్‌తో ఆరుబయట: విశాఖలో ఎక్కడ కూర్చోవాలి, ఏ తీగ కట్టాలి?

ఎంవీపీ కీ:

సభ్యులందరికీ నమస్కారం. హ్యామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) జనరల్ గ్రేడ్ లైసెన్సు పరీక్ష కోసం నిమిషానికి 8 పదాల వేగంతో నేర్చుకున్న మోర్స్‌ను అటకెక్కించడం ఇష్టం లేక, 20 మీటర్ల బ్యాండులో (14 మెగాహెర్ట్జ్ ప్రాంతం) మాత్రమే పనిచేసే ఒక చిన్న సీడబ్ల్యూ (మోర్స్ ప్రసారం) కిట్టును తెప్పించుకొని, టంకం వేసి సిద్ధం చేసుకున్నాను. 12 వోల్టుల బ్యాటరీ మీద అది నాలుగు వాట్లకు కాస్త పైగా ఇస్తోంది. మేముండేది ఎంవీపీ కాలనీలో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో. మేడ మీద యాంటెన్నా కట్టడానికి నివాసుల సంఘం ఒప్పుకోలేదు కనుక బాల్కనీ నుంచి ఎదుటి వేపచెట్టు కొమ్మకు తీగ లాగి పనిచేయిస్తున్నాను.

సాయంత్రం వేళ ఐరోపా స్టేషన్లు కొన్ని చాలా గట్టిగా వినిపిస్తున్నాయి గాని, నేను పిలిస్తే జవాబు మాత్రం రావడం లేదు. చీకటి పడ్డాక ఎల్ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, ఫోన్ ఛార్జర్లు కలిసి చేసే రొదలో మిగతా స్టేషన్లన్నీ మునిగిపోతున్నాయి. అందుకని ఆదివారాల్లో సరంజామా అంతా ఒక సంచిలో సర్దుకొని, స్కూటరు మీద బయటికి వెళ్లి ప్రయత్నించాలనుకుంటున్నాను. ఇంత తక్కువ శక్తికి సముద్రతీరం అనుకూలమా, కొండ అనుకూలమా? ఒక్కడినే కట్టి విప్పుకోగల యాంటెన్నా ఏది? వంద వాట్ల రిగ్ (రేడియో సెట్టు) కొనుక్కోవడమే దీనికి మందు అని ఒక మిత్రుడు అంటున్నారు. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పగలరని ప్రార్థన.

సరుగుడు నీడ:

ఎంవీపీ కీ గారూ, ముందు వాట్ల సంగతి తేల్చుకుందాం. వంద వాట్ల నుంచి 5 వాట్లకు దిగినప్పుడు తగ్గేది 13 డెసిబెల్లు. సంకేతం బలాన్ని రిసీవరు మీటరు మీద చూపే కొలత అయిన ఎస్ యూనిట్ ఒక్కొక్కదానికి 6 డెసిబెల్లని లెక్క కనుక, అవతలివారి మీటరు మీద మీ సంకేతం రెండు యూనిట్లకు కొద్దిగా పైన పడిపోతుంది, అంతకంటే ఏమీ జరగదు. వంద వాట్లతో ఎస్9గా వినిపించగల మనిషి 5 వాట్లతో ఎస్7కు కాస్త దిగువన వినిపిస్తాడు. పైగా మాటలకు కావలసిన 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు మోర్స్‌కు అక్కరలేదు. వినేవారు 500 హెర్ట్జ్ ఫిల్టరు పెట్టుకుంటే చాలు, వారి రిసీవరులోకి చేరే రొద దాదాపు 7 డెసిబెల్లు తగ్గుతుంది. క్యూఆర్‌పీ అంటే సీడబ్ల్యూలో 5 వాట్ల లోపు అని అందరూ అంగీకరించిన హద్దు ఉంది, ప్రపంచమంతటా వేలమంది ఆ హద్దు లోపలే ఉండి ఖండాలు దాటుతున్నారు. మీ మిత్రుడు చెప్పిన మందు రోగానికి సంబంధించినది కాదు.

గట్టిగా వినిపించే స్టేషన్లలో కొన్ని కిలోవాటుతో పంపుతూ ఉండవచ్చునన్నది నిజమే. అయితే అలాంటి స్టేషన్లకు ఎత్తయిన టవరు మీద, ఒకే దిక్కుకు గురిపెట్టే బీమ్ యాంటెన్నా కూడా ఉంటుంది. వారు పంపే శక్తి మనకు అక్కరకు రాదు గాని, వారి యాంటెన్నా లాభం పంపేటప్పుడూ వినేటప్పుడూ ఒకే విధంగా పనిచేస్తుంది కనుక అది మనకూ దక్కుతుంది. తక్కువ శక్తితో పిలిచేవారు గట్టి స్టేషన్లనే ఎంచుకొని పిలవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

అంత గట్టిగా వినిపించే స్టేషన్లు కూడా పలకడం లేదంటే, నా అనుమానం మీ శక్తి మీద కాదు, మీరు పిలుస్తున్న ఫ్రీక్వెన్సీ మీద. మీ కిట్టు సైడ్‌టోన్ (కీ నొక్కినప్పుడు మీకు వినిపించే స్వరం) 700 హెర్ట్జ్ అనుకుందాం. అవతలి స్టేషనును మీరు 400 హెర్ట్జ్ దగ్గర బొంగురు స్వరంతో వింటూ, చెవికి హాయిగా ఉందని అక్కడే ఆగి జవాబిస్తే, మీ సంకేతం వారి ఫ్రీక్వెన్సీకి 300 హెర్ట్జ్ పక్కన పడుతుంది. వారు 250 హెర్ట్జ్ వెడల్పు ఫిల్టరు వేసుకొని ఉంటే మీరు పిలిచిన సంగతే వారికి తెలియదు. వంద వాట్లతో పిలిచినా ఫలితం అంతే. అందువల్ల పిలిచే ముందు మీ సైడ్‌టోన్‌ను ఒక్కసారి వినండి. తంబురాకు శ్రుతి కలిపినట్టు, అవతలి స్టేషను స్వరం దానితో ఏకమయ్యేదాకా డయల్ తిప్పి, ఆ తరువాతనే కీ నొక్కండి. హ్యాములు దీన్నే జీరో బీట్ అంటారు. వాయిద్యం అలవాటున్నవారికి ఇది నిమిషాల్లో పట్టుబడుతుంది, లేనివారికి కొన్నాళ్లు పడుతుంది.

బయటికి వెళ్లే ముందు ఇంటి నుంచే చేయగల పరీక్ష ఒకటుంది. రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అనే ఏర్పాటులో ప్రపంచమంతటా ఔత్సాహికులు నడిపే స్వయంచాలక రిసీవర్లు మోర్స్‌లో వినిపించే సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే) పిలుపులను చదివి, ఏ కాల్ సైన్ (స్టేషను గుర్తింపు అక్షరాలు) ఏ ఫ్రీక్వెన్సీలో, రొద కంటే ఎన్ని డెసిబెల్లు పైన వినిపించిందో వెంటనే వెబ్‌లో పెడతాయి. స్పష్టమైన అంతరాలతో సీక్యూ పంపి, కాల్ సైన్‌ను రెండుసార్లు ఇచ్చి, ఫోనులో చూసుకోండి. అక్కడ మీ పేరు పడితే తీగా, కిట్టూ రెండూ పనిచేస్తున్నట్టే. పడకపోతే వాతావరణాన్ని నిందించే ముందు ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి వస్తోందో తెలిపే కొలత) చూడండి.

ఇక బయటికి వెళ్లడం గురించి. నా దృష్టిలో ఆరుబయటికి వెళ్లేది మన మాట దూరం పోవడానికి కాదు, దూరపు మాట మన చెవిన పడడానికి. కరెంటు తీగలకు దూరంగా కూర్చుంటే మీ రిసీవరులో రొద ఎంతగా పడిపోతుందో వింటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది.

తీగమేడ:

పై సభ్యులు చెప్పినదంతా ఒప్పుకుంటూ, తీరమా కొండా అన్న ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తున్నాను. దీనికి పుస్తకాల్లో దొరికే సమాధానాన్ని మన ఊరికి యథాతథంగా అన్వయించకూడదు.

ఉప్పునీరు మామూలు నేల కంటే వందల రెట్లు మెరుగైన వాహకం. అందువల్ల నీటి అంచున నిలబెట్టిన నిలువు యాంటెన్నా, నేల మీద వృథా అయ్యే శక్తిని వృథా కానివ్వకుండా, దిగంతానికి అతి దగ్గరగా, అయిదు పది డిగ్రీల కోణంలో కూడా బాగా పంపుతుంది. దూరదేశాలకు కావలసింది ఆ కోణమే. ఈ మాట చదివి మనవాళ్లు బీచికి పరుగెత్తుతారు గాని, ఆ లాభం నీరున్న దిక్కుకు మాత్రమే వర్తిస్తుందన్న సంగతి మరిచిపోతారు. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం మనకు ఆగ్నేయాన ఉంది. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ దిక్కునే ఉన్నాయి కనుక వాటికి మన తీరం నిజంగా వరమే. జపాన్ దారి దాదాపు తీరం వెంబడే పోతుంది కాబట్టి దానికీ కొంత మేలు జరుగుతుంది. మీకు సాయంత్రం వినిపిస్తున్న ఐరోపా మాత్రం వాయవ్యాన ఉంది. ఆ దారిలో ముందు నగరం, ఆ తరువాత సింహాచలం కొండలు, ఇంకా ముందుకు పోతే తూర్పు కనుమలు అడ్డుగా ఉంటాయి. బీచిలో కూర్చొని ఐరోపాను పిలవకూడదని కాదు. సముద్రం ఇచ్చే మేలు ఆ వైపుకు లేదని మాత్రమే నా మాట.

కనుక వేళను బట్టి దిక్కును ఎంచుకోవాలి. 20 మీటర్లలో ఐరోపా సాధారణంగా సాయంత్రం నాలుగైదు గంటలకు మొదలై రాత్రి దాకా ఉంటుంది, తూర్పు ఆసియా, ఆస్ట్రేలియాల కోసం తెల్లవారుజామునా, ఉదయం పూటా వినడం మంచిది. 2019 డిసెంబరులో మొదలైన 25వ సౌరచక్రం (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే ఆవృత్తి) 2024లో ఉచ్ఛస్థితికి చేరింది. ఆ ఉధృతి పూర్తిగా తగ్గకముందే 15, 10 మీటర్లకు పనికివచ్చే మరో కిట్టును కూడా సమకూర్చుకోగలిగితే, పగటిపూట ఆ బ్యాండుల్లో అయిదు వాట్లు ఎంత దూరమైనా పోతాయి. మనం భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడి ఐనో ఆవరణం (రేడియో తరంగాలను తిరిగి భూమికి వంచి పంపే పై వాతావరణ పొర) పోకడలే వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు జరిగిన పరిశోధన పుణ్యమా అని వాల్తేరు పేరు ఆ శాస్త్రం పత్రాల్లో ప్రపంచమంతటా కనిపిస్తుంది. మన హ్యాములలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

యాంటెన్నా సంగతికి వస్తే, తీరాన మడిచి ముడుచుకునే ఏడు మీటర్ల ఫైబర్‌గ్లాస్ గాలపు కర్ర ఒకటి, దాని వెంట నిలువుగా 5.1 మీటర్ల తీగ, అడుగున నేలకు కొద్ది ఎత్తులో నాలుగు వైపులా పరిచే సుమారు అయిదేసి మీటర్ల తీగలు నాలుగు ఉంటే సరిపోతుంది. కొనేటప్పుడు కార్బన్ ఫైబర్ కర్ర మాత్రం తీసుకోకండి, అది విద్యుత్ వాహకం కనుక తీగ పనిని పాడుచేస్తుంది. ఆర్కే బీచి జనసమ్మర్దంలో ఇది కుదరదు. రుషికొండ దాటి భీమిలి వైపు, మంగమారిపేట తరువాత, ఉదయం పూట తగినంత ఖాళీ దొరుకుతుంది.

గాజువాక శ్రోత:

తీగమేడ గారి భూగోళం సరైనదే గాని, ఒంటరిగా వెళ్లే కొత్తవారికి ఇసుకలో నాలుగు తీగలు పరవడం, దారిన పోయేవారు వాటిని తట్టుకొని పడకుండా కాపలా కాయడం తలకు మించిన పని అని నా అభిప్రాయం. అర్ధ తరంగం పొడవున్న తీగను ఒక చివర నుంచి నడిపే పద్ధతి ఎంతో సులువు. 14.060 మెగాహెర్ట్జ్‌కు సుమారు 10.1 మీటర్ల తీగ, 43 రకం ఫెరైట్ టొరాయిడ్ (ఉంగరం) మీద రెండు చుట్లకు పద్నాలుగు చుట్లుగా చుట్టిన 49కి 1 ట్రాన్స్‌ఫార్మరు, రెండు చుట్ల వైపు వంద పికోఫారడ్ల కెపాసిటర్ ఉంటే చాలు. తీగను ముందు కొంచెం పొడవుగానే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తూ కత్తిరించుకోండి. భీమిలి రోడ్డు వెంట సరుగుడు చెట్లకు కొదవ లేదు. నైలాన్ దారానికి సీసపు గుండు కట్టి కొమ్మ మీదుగా విసిరితే, పది నిమిషాల్లో తీగ ఏటవాలుగా పైకి లేస్తుంది. ఐరోపా కావాలంటే ఇదే మేలు. నగరానికి దూరంగా, వాయవ్యం వైపు కొంచెం తెరిపి ఉన్న చోటు చూసుకోండి.

కొండల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. కైలాసగిరి పర్యాటకుల ఉద్యానవనం, అక్కడ జనం తలల మీదుగా తీగలు లాగకూడదు. తొట్లకొండ, బావికొండ రక్షిత బౌద్ధ స్థలాలు కాబట్టి అక్కడ మేకు పాతడమే తప్పు. నౌకాదళం ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు అసలు ఆలోచించవద్దు.

ఇంతకంటే ముఖ్యమైనది అనుమతి. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం ఉన్న ఊరు. తీరాన ఒక మనిషి తీగ ఎగరేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, సముద్రం వైపు తిరిగి టకటక కొడుతుంటే పోలీసులు వచ్చి అడగకపోతేనే విడ్డూరం. లైసెన్సులో మీ స్టేషను చిరునామా రాసి ఉంటుంది. మరో చోటు నుంచి పనిచేయడం గురించి దానిలోని షరతులు ఏమంటున్నాయో ముందుగా చదివి, అవసరమైన చోట కేంద్ర వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్‌కు రాసి, ఆ తరువాతనే కదలండి. వెళ్లే చోటి పోలీసు స్టేషనులో కూడా తేదీ, వేళ రాసిన కాగితం ఇచ్చి వెళ్లడం మర్యాద. అసలు లైసెన్సు సంచిలో ఉండాలి, ఫోనులోని ఫోటో చూపించి ఒప్పించడం కష్టం.

బ్యాటరీ గురించి ఎక్కువ ఆలోచించనక్కర లేదు. మూడు ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మీ కిట్టును ఒక పూటంతా నడిపినా ఇంకా మిగులుతుంది. ఉప్పుగాలి మాత్రం కనెక్టర్లను తొందరగా తినేస్తుంది కనుక ఇంటికి రాగానే మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వేసవి సాయంత్రాల్లో ఉరుములు వినిపించగానే తీగ దించి చుట్టేయండి, సగంలో ఉన్న సంభాషణ కోసం ఆగవద్దు.

ఎంవీపీ కీ:

అందరికీ ధన్యవాదాలు. శ్రుతి కలపడం ఇవాళే సాధన మొదలుపెడతాను, లైసెన్సు షరతులు కూడా చదువుతున్నాను. ఇంకొక్క సందేహం మిగిలింది. ఐరోపావారు పంపే వేగం నాకు అందడం లేదు. కాల్ సైన్ పట్టుకోవడానికే వారిని మూడు నాలుగు సార్లు వినవలసి వస్తోంది. ఎనిమిది పదాల వేగంతో వారిని పిలవడం అమర్యాద అవుతుందా?

సరుగుడు నీడ:

అమర్యాద ఎంతమాత్రం కాదు. మీరు ఏ వేగంతో వినగలరో ఆ వేగంతోనే పిలవండి, అనుభవజ్ఞుడైన ఆపరేటరు మీ వేగానికి దిగివస్తాడు. రాకపోతే క్యూఆర్ఎస్ అని పంపండి, నెమ్మదిగా పంపమని అర్థం. బ్యాండు అడుగున దూరదేశాల వేటగాళ్ల పరుగు ఎక్కువగా ఉంటుంది. 14.060 చుట్టుపక్కల క్యూఆర్‌పీ వారు కలుసుకునే చోటు కనుక అక్కడ నింపాదిగా మాట్లాడేవారు దొరుకుతారు. కాల్ సైన్ చివర క్యూఆర్‌పీ అని తగిలించకండి, అసలే బలహీనంగా ఉన్న సంకేతంలో అవతలివారు చదవవలసిన అక్షరాలు పెరగడం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు.

వింతగా అనిపించవచ్చు గాని, నెమ్మదిగా వినేవారికి పెద్ద పోటీలు చాలా అనుకూలం. నవంబరు చివరి శని ఆదివారాల్లో జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ సీడబ్ల్యూ పోటీలో ప్రతి స్టేషనూ గంటల తరబడి అదే పిలుపును పంపుతూ ఉంటుంది. కాల్ సైన్ పూర్తిగా రాసుకునేదాకా ఎన్నిసార్లయినా వినవచ్చు. వారు ఇచ్చేది 599 (మీ సంకేతం చక్కగా వినిపిస్తోందనే నివేదిక), ఆపైన తమ జోన్ (పోటీ కోసం ప్రపంచాన్ని విభజించిన ప్రాంతం) సంఖ్య. జర్మనీ 14, ఇటలీ 15, జపాన్ 25 అని పటం చూసి రాసుకుంటే, వారేమి పంపుతారో మీకు ముందే తెలిసి ఉంటుంది. 599ని చాలామంది 5ఎన్ఎన్ అని కుదించి పంపుతారు, తికమకపడకండి. మీరు ఇవ్వవలసినది 599, 22. మనదేశం 22వ జోన్‌లో ఉంది. మొదటిరోజు రద్దీలో మీ నాలుగు వాట్లు నలిగిపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం తరువాత, కొత్త కాల్ సైన్లు దొరకక పెద్ద స్టేషన్లు ఎంత బలహీనమైన పిలుపునైనా చెవి రిక్కించి వినే వేళ చూసి పిలవండి. లాగ్‌లో (సంభాషణలు రాసుకునే పుస్తకంలో) సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయండి, అంటే మన గడియారంలో నుంచి అయిదున్నర గంటలు తీసివేయాలి.