అప్‌డేట్: తూము తలుపుపై నీటి బలం లెక్క తేలింది

కోనసీమలో మా పంట కాలువ తూము తలుపుపై నీటి బలం ఎంత, ఎక్కడ పడుతుంది అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తలుపు వెడల్పు 1.2 మీటర్లు, నీటి లోతు 1.5 మీటర్లు. సగం లోతులో పీడనం, అంటే సగటు పీడనం, 7.36 కిలోపాస్కల్‌లు. దాన్ని నీరు తాకే వైశాల్యం 1.8 చదరపు మీటర్లతో గుణిస్తే 13.2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1,350 కిలోల బరువు! లోతుతో పీడనం పెరుగుతుంది కాబట్టి అది పనిచేసేది మధ్యలో కాదు, అడుగు నుంచి అర మీటరు ఎత్తున. అందుకే తలుపును బలపరిచే అడ్డపట్టీలు కిందికి వెళ్లేకొద్దీ దగ్గరగా ఉండాలన్న సలహా చాలా విలువైనది.

తలుపు అవతల దిగువ వైపున 0.6 మీటర్ల నీరు నిలిస్తే బలం 11.1 కిలోన్యూటన్లకు తగ్గుతుంది, పనిచేసే చోటు 0.56 మీటర్లకు పెరుగుతుంది. కాలువ ఎంత పొడవున్నా, ధవళేశ్వరం దాకా నీళ్లున్నా, లెక్కకు కావలసింది తలుపు దగ్గరి లోతే. ఇది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తోంది.

కొత్త తలుపుకు కొలతలు ఇచ్చేశాం. గాడిలో రాపిడిని బట్టి ఎత్తే మర ఎంపిక మిగిలింది.